ఓటు లేని సభ

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆర్చ్ స్ట్రీట్ మీద క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ప్రార్థనా మందిరం ఉంది. 1804లో కట్టింది. లోపల శిలువ లేదు, వేదిక లేదు, ఫాదర్ ఉండడు. పొడవాటి బల్లలు మాత్రం ఉంటాయి. ఆదివారం జనం వచ్చి వాటి మీద మౌనంగా కూర్చుంటారు. లోపల్నుంచి మాట పుట్టినవాళ్లు లేచి నాలుగు ముక్కలు చెప్పి మళ్లీ కూర్చుంటారు. గుడిగంటలకూ మైకులో సుప్రభాతానికీ అలవాటుపడ్డ నాకు ఆ మౌనం చాలాకాలం అంతుపట్టలేదు.

అంతకన్నా ఆశ్చర్యం, సంఘం పనులు నడిచే తీరు. ఓటింగు ఉండదు. అందరి మనసూ ఒకచోటికి వచ్చేదాకా మాట్లాడుకుంటారు. వచ్చిందనిపించాక, సభ నడిపే క్లర్క్ దాన్ని రాసి చదువుతారు.

మన దగ్గర సర్పంచి ఎన్నిక ఏకగ్రీవమైతే పేపర్లో ఫొటో పడుతుంది, ఊరికి ప్రోత్సాహక నిధులొస్తాయి. నామినేషన్ వేద్దామనుకున్నవాడి ఇంటికి ముందురోజు రాత్రి ఎవరెళ్లారో, ఎవరి చేనుకు నీళ్లు ఆగుతాయని చెప్పొచ్చారో పేపర్లో రాదు. ఊరికి తెలుసు. అందుకే అందరూ ఒప్పుకున్నారని వింటే నాకు ముందు అనుమానమే వస్తుంది. ఎవరు నోరు మూసుకున్నారు? క్వేకర్ల చరిత్రను నేను ఈ ప్రశ్నతోనే చదివాను.

ఇప్పుడు ఫిలడెల్ఫియాలో కలిసిపోయిన జర్మన్‌టౌన్‌లో 1688లో నలుగురు ఒక అర్జీ రాశారు. మనల్ని ఎవరైనా పట్టుకుపోయి అమ్మితే ఊరుకుంటామా, మరి ఆఫ్రికా మనుషుల్ని మనమెలా కొంటాం అన్నది వాళ్ల వాదన. అర్జీ నెలవారీ సభ నుంచి మూడు నెలలకోసారి జరిగే సభకు, అక్కణ్నుంచి వార్షిక సభకు వెళ్లింది. ఇది మనం తేల్చగలిగింది కాదని పెద్దలు పక్కన పెట్టారు. అప్పటి క్వేకర్లలో బానిసల్ని ఉంచుకున్నవాళ్లున్నారు. పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ కూడా వాళ్లలో ఒకడు. అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అన్నచోట ఒప్పుకోనివాడిదే గెలుపు.

ఆ పద్ధతిని భరించలేకపోయినవాడు బెంజమిన్ లే. పొట్టివాడు, గూనివాడు. బార్బడోస్ దీవిలో బానిసల బతుకు కళ్లారా చూసి వచ్చాడు. అబింగ్టన్ దగ్గర గుహలో కాపురం పెట్టి, తన బట్టలు తనే తయారుచేసుకున్నాడు. బానిసల చేత పండించిన చెరకు చక్కెర ముట్టలేదు. 1738లో న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో వార్షిక సభకు పెద్ద కోటు కప్పుకుని వెళ్లాడు. కోటు తీస్తే లోపల సైనికుడి దుస్తులు, కత్తి. ఆయుధమే పట్టని క్వేకర్ల మధ్య! చేతిలో లోపలంతా తొలిచేసిన పుస్తకం, అందులో ఎర్రటి పోక్‌బెర్రీ రసం నింపిన తిత్తి. తోటి మనుషుల్ని బానిసలుగా పెట్టుకున్నవాళ్ల రక్తం దేవుడు ఇలాగే చిందిస్తాడంటూ పుస్తకాన్ని పొడిచాడు. ఆ ఎరుపు పక్కనున్నవాళ్ల మీద చిందింది. అతన్ని బయటికి గెంటేశారు. సంఘం నుంచి వెలివేశారు.

1758లో ఫిలడెల్ఫియా వార్షిక సభ, బానిసల్ని కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ సంఘం వ్యవహారాల్లో చోటు లేదంది. ఆ కబురు లే చెవిన పడింది. మరుసటి ఏడు పోయాడు. బానిసల్ని వదలనివాళ్లను సంఘంలోంచే తీసేయాలన్న నిర్ణయానికి 1776 దాకా ఆగాల్సి వచ్చింది. జర్మన్‌టౌన్ అర్జీ నుంచి లెక్కేస్తే 88 ఏళ్లు. ఈలోపు ఎన్ని తరాలు సంకెళ్లలోనే పుట్టి పోయాయో!

అప్పటికీ అయిపోలేదు. 1830లలో సారా డగ్లస్ అనే నల్లజాతి ఉపాధ్యాయురాలు తల్లితో ఈ ఆర్చ్ స్ట్రీట్ మందిరానికే వస్తే, నల్లవాళ్లకని విడిగా పెట్టిన బల్ల చూపించారు. ఆ బల్ల సంగతి మన పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు. ఊరి మీద బెంగ పుట్టినప్పుడల్లా నాకు వేపచెట్టు కింది రచ్చబండ కళ్లముందు మెదులుతుంది. అక్కడ కూర్చోవాలని ప్రాణం లాగుతుంది. దూరంగా నిలబడి తీర్పు విని తలొంచుకు వెళ్లిపోయినవాళ్లు కూడా ఆ వెంటే గుర్తొస్తారు.

ఈ క్వేకర్ల సేవాసంస్థలకు 1947లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నాకు మాత్రం అబింగ్టన్ సంఘం చేసిన పని అంతకన్నా పెద్దదనిపిస్తుంది. తాము వెలివేసిన లేను మళ్లీ తమవాడని ఒప్పుకుని, 2018లో శ్మశానంలో అతని పేర రాయి వేశారు. గౌరవించదగ్గ పనే, కానీ మనిషి పోయి రెండున్నర శతాబ్దాలు దాటాక. ఇక్కడ అమెరికాలో మన తెలుగు కూటముల్లో ఎవరైనా కులం సంగతి ఎత్తితే, “పండగపూట ఇప్పుడెందుకండీ అవన్నీ” అని సర్దేస్తారు. అందరూ సర్దుకుంటారు, సభ సాఫీగా ముగుస్తుంది. ఆ అడిగినవాళ్లను పక్కకి తప్పించే ముందు, వాళ్లన్నదాంట్లో అబద్ధమేముందో ఒక్కరైనా లేచి అడగాలి.