మొటిమలు, అవాంఛిత రోమాలు: స్కిన్ క్లినిక్ చికిత్స ఎంతవరకు?

పెళ్లికి రెండు నెలల ముందు స్కిన్ క్లినిక్ మెట్లెక్కడం ఇప్పుడు హైదరాబాద్, విజయవాడల్లోనే కాదు, జిల్లా కేంద్రాల్లోనూ మామూలైపోయింది. గడ్డం కింద నల్లగా కనిపించే వెంట్రుకలు, బుగ్గల మీద మొటిమలు, అవి మానాక మిగిలిన గుంటలు... అన్నిటికీ కలిపి కౌంటర్ దగ్గర ఒక ప్యాకేజీ ధర చెబుతారు. ఆ రెండు నెలల్లో ఈ పనుల్లో ఏదీ పూర్తికాదన్న సంగతి మాత్రం అంత గట్టిగా చెప్పరు.

వెంట్రుకలను తొలగించే లేజర్ వెనక ఉన్న సూత్రాన్ని 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ ప్యారిష్ అనే అమెరికన్ చర్మ వైద్యులు ‘సైన్స్’ పత్రికలో వివరించారు. ఒక రంగు బాగా పీల్చుకునే కాంతిని అతి తక్కువ వ్యవధి పాటు ప్రసరింపజేస్తే, ఆ రంగున్న భాగమే వేడెక్కి దెబ్బతింటుంది, చుట్టుపక్కల కణజాలానికి హాని తగ్గుతుంది. వెంట్రుక విషయంలో ఆ రంగు మెలనిన్. కాడలోని మెలనిన్ వేడెక్కితే, ఆ వేడి రోమకూపంలో కొత్త వెంట్రుకను పుట్టించే కణాల దాకా పాకుతుంది. నల్లటి, మందమైన వెంట్రుకల మీద లేజర్ బాగా పనిచేయడానికి, తెల్లబడిన వెంట్రుకల మీద దాదాపు పనిచేయకపోవడానికి కారణం ఇదే. సన్నటి నూగు మీద కూడా ఫలితం అంతంతమాత్రమే.

చిక్కంతా ఇక్కడే ఉంది. మెలనిన్ వెంట్రుకలోనే కాదు, చర్మంలోనూ ఉంటుంది. ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి ఆరు రకాలుగా చేసిన ఫిట్జ్‌ప్యాట్రిక్ వర్గీకరణలో భారతీయులు ఎక్కువగా నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. లేత చర్మానికి సరిపోయే మోతాదునే చామనఛాయ చర్మం మీద వాడితే, వెంట్రుకకు చేరాల్సిన వేడిని పైచర్మమే పీల్చుకుంటుంది. బొబ్బలు లేస్తాయి, అవి మానాక నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి. అందుకే తరంగదైర్ఘ్యం ఎంపిక ముఖ్యం. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్లటి చర్మానికి అనువైనది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ కాంతిని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది, అది లోతుకూ వెళుతుంది కాబట్టి ముదురు చర్మానికి ఎక్కువ భద్రం. దాదాపు 810 నానోమీటర్ల డయోడ్ లేజర్ ఈ రెంటికీ మధ్యలోది. కాంతి వ్యవధి పెంచి, చర్మాన్ని చల్లబరుస్తూ మన దగ్గర దాన్ని విరివిగా వాడతారు. ఐపీఎల్ అసలు లేజరే కాదు. ఒకే తరంగదైర్ఘ్యం బదులు అనేక తరంగదైర్ఘ్యాల కాంతిని వెదజల్లే పరికరం అది. చామనఛాయ చర్మం మీద దాన్ని మరింత ఆచితూచి వాడాలి.

రెండు నెలలు ఎందుకు చాలవో వెంట్రుక జీవితచక్రం చెబుతుంది. పెరుగుదల దశలో ఉన్న వెంట్రుకకే లేజర్ దెబ్బ సరిగ్గా తగులుతుంది. ఏ సమయంలోనైనా కొన్ని ఆ దశలో ఉంటే, మిగిలినవి విశ్రాంతిలో ఉంటాయి. అందువల్ల నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో ఆరు, ఎనిమిది సిట్టింగులు సాధారణం. ముఖం మీద ఇంకొన్ని పట్టవచ్చు. ఇంతా చేసి దక్కేది ‘శాశ్వత తగ్గుదల’ మాత్రమే. అమెరికా ఎఫ్‌డీఏ ఈ లేజర్లకు అనుమతించిన మాట అదే, ‘శాశ్వత తొలగింపు’ కాదు. సిట్టింగుకు నెల ముందు నుంచి వ్యాక్సింగ్, త్రెడింగ్ ఆపేయాలి. వెంట్రుకను వేరుతో లాగేస్తే లేజర్‌కు లక్ష్యమే ఉండదు. షేవింగ్‌కు మాత్రం అభ్యంతరం లేదు. షేవ్ చేస్తే వెంట్రుకలు దళసరిగా మొలుస్తాయని ఇళ్లలో పెద్దవాళ్లు భయపెడతారు గానీ, కోసిన కొన మొద్దుగా ఉండి చేతికి గరుకుగా తగలడం తప్ప అందులో నిజం లేదు.

ప్రకటనల్లో కనిపించని విషయం ఇంకొకటుంది. కొందరిలో, ముఖ్యంగా ముదురు చర్మం, హార్మోన్ల తేడా ఉన్న మహిళల్లో, ముఖం, మెడ భాగాల్లో లేజర్ తర్వాత సన్నటి నూగు దట్టమైన వెంట్రుకలుగా మారుతుంది. బుగ్గల మీది నూగును కూడా ప్యాకేజీలో కలిపేసే ముందు వైద్యులు ఆలోచించేది దీని గురించే. గడ్డం మీద ఉన్నవి నాలుగైదు వెంట్రుకలే అయినా, అవి తెల్లవైనా ఎలక్ట్రాలసిస్ మేలు. సన్నటి సూదిని రోమకూపంలోకి దించి విద్యుత్తుతో దాన్ని నాశనం చేసే ఈ పద్ధతిని 1875లో చార్లెస్ మిషెల్ అనే అమెరికన్ నేత్ర వైద్యుడు లోపలికి తిరిగిన కనురెప్పల వెంట్రుకల కోసం ప్రయోగించాడు. ఒక్కో వెంట్రుకనూ విడిగా చూడాలి కనుక ఓపిక కావాలి. వెంట్రుక రంగుతో మాత్రం దీనికి పనిలేదు.

మొటిమల విషయానికొస్తే, క్లినిక్ చికిత్సల స్థానం రెండోదే. నూనె గ్రంథులు ఎక్కువగా స్రవించడం, రంధ్రాలు పూడుకుపోవడం, క్యూటీబ్యాక్టీరియం ఏక్నీస్ అనే సూక్ష్మజీవి, దానితో వచ్చే వాపు... ఈ నాలుగింటి మీదా నిలకడగా పనిచేసేవి మందులే. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటి పైపూతలతో మొదలుపెట్టి, అవసరమైతే కొన్ని వారాల పాటు యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తారు. ఎనిమిది, పన్నెండు వారాలు గడవనిదే పైపూత ఫలితం తేలదు. మూడో వారంలోనే విసుగెత్తి మానేసినవాళ్లు చాలాసార్లు ‘మందులు పడలేదు’ అంటూ ఖరీదైన పీల్స్ వైపు వెళతారు.

శాలిసిలిక్, గ్లైకాలిక్, మాండెలిక్ ఆమ్లాలతో చేసే పీల్స్ పైపొరను పలచగా రాలుస్తాయి. పూడిక తగ్గుతుంది, మచ్చలు కాస్త తేలికపడతాయి. మందులకు తోడుగా అవి పనికొస్తాయి గానీ బదులుగా కాదు. లోతైన పీల్స్ మన చర్మానికి ప్రమాదమే. పెద్ద గడ్డలా లేచిన మొటిమలోకి చాలా పలచన చేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొద్ది రోజుల్లో అణుగుతుంది. మోతాదు మించితే అక్కడే చిన్న గుంట పడుతుంది.

మొండి మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ మాత్ర బాగా పనిచేస్తుంది, కానీ గర్భస్థ శిశువుకు తీవ్ర హాని చేస్తుంది. వాడినంతకాలం, ఆపాక మరో నెల గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్లి దగ్గరపడిన అమ్మాయికి ఈ మాట విడమరిచి చెప్పకుండా చీటీ రాయడం పొరపాటు కాదు, ప్రమాదం.

మొటిమలు పూర్తిగా అదుపులోకి వచ్చాకే గుంటల సంగతి. అన్ని గుంటలూ ఒకటి కాదు. సూదితో గుచ్చినట్టుండే లోతైన రంధ్రాలకు గాఢమైన టీసీఏ ఆమ్లాన్ని చుక్కలుగా పెడతారు. అలల్లా కుంగిన వాటికి కింద పట్టి లాగుతున్న పీచును సబ్‌సిషన్‌తో విడదీస్తారు. వెడల్పాటి వాటికి మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఉన్నాయి. నెలల చికిత్స తర్వాత గుంటలు చెప్పుకోదగ్గంత తగ్గుతాయి. అద్దంలాంటి చర్మం రాదు.

అయితే మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు ఒకే మనిషిలో కలిసి కనిపిస్తే యంత్రం ఆన్ చేసే ముందు కారణం వెతకాలి. మొదట అనుమానించాల్సింది పీసీఓఎస్. 2003 నాటి రోటర్‌డ్యామ్ ప్రమాణాల ప్రకారం నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్ల ప్రభావం, స్కానింగ్‌లో అండాశయాల తీరు... ఈ మూడింటిలో రెండున్నా, వేరే కారణాలు లేవని తేలితే అది పీసీఓఎస్. అంటే క్రమం తప్పిన నెలసరితో పాటు గడ్డం మీద గట్టి వెంట్రుకలుంటే, స్కానింగ్ మామూలుగా వచ్చినంత మాత్రాన నిశ్చింత కాదు. హార్మోన్లను సరిచేయకుండా లేజర్ మీద లేజర్ చేయించుకుంటే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. గర్భనిరోధక మాత్రలు, స్పైరనోలాక్టోన్ లాంటి మందుల ప్రభావం వెంట్రుకల మీద కనిపించడానికి ఆరు నెలలైనా పడుతుంది. కొన్ని నెలల్లోనే వెంట్రుకలు ఉధృతంగా పెరిగి, గొంతు కూడా బొంగురుపోతే క్లినిక్ కాదు, ఎండోక్రైనాలజిస్టును వెంటనే కలవాలి.

రెండో అనుమానం ఇంట్లోని ట్యూబ్ మీద. తెల్లబడడానికని, మచ్చలు పోవడానికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో చాలావాటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లుంటాయి. వారంలో ముఖం నిగనిగలాడుతుంది. నెలల తర్వాత చర్మం పలచబడి ఎర్రనవుతుంది, మొటిమలు లేస్తాయి, వెంట్రుకలూ పెరుగుతాయి. మానేస్తే మంట, కాబట్టి మళ్లీ అదే క్రీము. దేశంలోని చర్మ వైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్ల తరబడి ఒత్తిడి తెచ్చాక, కేంద్రం 2018 మార్చిలో 14 స్టెరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. చీటీ లేకుండా అమ్మకూడదన్నది నిబంధన. కౌంటర్ మీద అమలు వేరే సంగతి. ఇలాంటి ముఖం మీద పీల్ గానీ లేజర్ గానీ చేస్తే కాలిన గాయానికి కారం పూసినట్టే. ముందు ఆ క్రీమును వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాలి.

ఇవన్నీ గుర్తించాల్సింది వైద్యుడు గనుక, క్లినిక్ బోర్డు మీద చూడాల్సింది ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీవీడీ లాంటి అర్హత, రాష్ట్ర వైద్య మండలి రిజిస్ట్రేషన్ సంఖ్య. కొద్ది వారాల కాస్మెటాలజీ సర్టిఫికెట్ వీటికి సాటిరాదు. మొదటి సిట్టింగుకు ముందు చెవి వెనకో దవడ కిందో చిన్న చోట లేజర్ పరీక్షించి, కొన్ని రోజులు ఆగి చూడమని అడగవచ్చు. ఎండకు చర్మం కమిలి ఉంటే వాయిదా వేయమనవచ్చు. ప్రతి సిట్టింగులో వాడిన లేజర్ రకం, శక్తి మోతాదు కాగితం మీద రాయించుకోవడమూ అవసరమే. తర్వాత ఊరు మారినా, క్లినిక్ మారినా కొత్త వైద్యుడికి మొదట పనికొచ్చేది ఆ కాగితమే.