సానియా స్థానం ఎక్కడ?



ముంబయి గ్రాంట్ రోడ్ స్టేషనులో దిగి కాస్త నడిస్తే కామాఠీపుర వస్తుంది. నిజాం రాజ్యపు తెలుగు సీమ నుంచి బతుకుదెరువుకు వెళ్లి, ఆ నగరాన్ని కట్టిన మన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచింది. వాళ్లు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లారు. 1986లో అదే ముంబయిలో పుట్టిన ఒక అమ్మాయి హైదరాబాదుకు వచ్చి పెరిగింది. ఆమే సానియా మీర్జా.

టెన్నిస్ మహామహుల వరసలో ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలి? అభిమానం పక్కనపెట్టి లెక్క చూద్దాం. సింగిల్స్‌లో 2007లో అందుకున్న 27వ ర్యాంకే ఆమెకు అత్యుత్తమం. మణికట్టు గాయం బాధించింది. 2013లో సింగిల్స్ వదిలి డబుల్స్‌నే నమ్ముకున్నారు. 2015 ఏప్రిల్‌లో ప్రపంచ ప్రథమ స్థానం. మొత్తం 91 వారాలు. మార్టినా హింగిస్‌తో వరసగా 41 విజయాలు. గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఆరు: మహిళల డబుల్స్ మూడు, మిక్స్‌డ్ మూడు. 2023లో ఆట విరమించారు.

మరి మార్టినా నవ్రతిలోవా? పామ్ ష్రైవర్‌తో వరసగా 109 విజయాలు, మహిళల డబుల్స్‌లోనే 31 గ్రాండ్‌స్లామ్‌లు. ఆ పీఠం సానియాది కాదు, ఒప్పుకుందాం. అయితే నవ్రతిలోవా కంటే ముందే, 1962లో, చెకొస్లొవాకియా నుంచి వెరా సుకోవా వింబుల్డన్ ఫైనల్ ఆడారు. సానియా 2005లో హైదరాబాదులో గెలిచేదాకా డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ నెగ్గిన భారత మహిళే లేదు.

మేడ ఎత్తు అందరూ కొలుస్తారు. పునాది లోతు కూడా కొలవాలని కామాఠీ పని ఎరిగిన మనకు వేరే చెప్పాలా?