అమెరికా మెడికల్ సీటు వెనక నూట ముప్పై ఏళ్లు

విశాఖపట్నం సీతమ్మధారలో మా చెల్లెలింటికి ఫోన్ చేస్తే ఈ మధ్య మాటలన్నీ ర్యాంకుల చుట్టూనే తిరుగుతున్నాయి. వాళ్లబ్బాయి ఇంటర్ బైపీసీ అయ్యాక లాంగ్ టర్మ్‌లో చేరాడు. వారం వారం గ్రాండ్ టెస్టు, పోయిన మార్కుల లెక్క, మళ్లీ బయాలజీ పుస్తకం మొదటినుంచీ. "పెద్దమ్మా, మీ దగ్గర ఈ నీట్ గొడవ లేదట కదా! వ్యాసం రాసి, ఇంటర్వ్యూలో బాగా మాట్లాడితే సీటిచ్చేస్తారట" అన్నాడు మొన్న. వాడి మాటలో కొంత నిజముంది. అయితే ఆ వ్యాసం, ఆ ఇంటర్వ్యూ ఎక్కణ్నుంచి వచ్చాయో, ఏ కాలంలో ఎవరిని బయట నిలబెట్టడానికి పనికొచ్చాయో తెలియకపోతే, అమెరికాని చూసి మనవాళ్లు అక్కర్లేని అసూయ పడతారు. మన పరీక్ష గురించి అడగాల్సిన అసలు ప్రశ్నా అడగరు. నేను చాలా ఏళ్లుగా మిషిగన్‌లో ఉంటున్నాను. మా అమ్మాయి మెడిసిన్‌కి దరఖాస్తు పెట్టిన ఏడాది కుతూహలం కొద్దీ చదవడం మొదలుపెట్టిన చరిత్ర ఇది.

ముందు ఇప్పటి పద్ధతి చెప్తాను. ఇక్కడ ఇంటర్ అవగానే మెడిసిన్ ఉండదు. నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. ఆ డిగ్రీలోనే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం కోర్సులు పూర్తి చేయాలి. తర్వాత ఎంక్యాట్ అనే పరీక్ష. ఏడున్నర గంటలు కూర్చోవాలి. అతి తక్కువ స్కోరు 472, అతి ఎక్కువ 528. అప్పుడు ఒకే దరఖాస్తు నింపితే అది కోరుకున్న కాలేజీలన్నిటికీ వెళ్తుంది. దాంట్లో నేను డాక్టర్ని ఎందుకు కావాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం ఉంటుంది. ఖాళీలతో కలిపి 5,300 అక్షరాలు దాటకూడదు. చేసిన సేవ, పరిశోధన, ఉద్యోగాలు పదిహేను దాకా రాసుకోవచ్చు. ప్రొఫెసర్ల సిఫార్సు ఉత్తరాలు కావాలి. ఆ తర్వాత ఒక్కో కాలేజీ తన సొంత ప్రశ్నలు పంపుతుంది. వాటికీ వ్యాసాలే. అన్నీ నచ్చితే ఇంటర్వ్యూ. వేసవిలో మొదలైతే తేలేసరికి మరుసటి ఏడాది వసంతం వస్తుంది. ఏటా 50 వేల మందికి పైగా పోటీపడితే దాదాపు 23 వేల మంది చేరతారు. నీట్‌తో పోలిస్తే ఇది స్వర్గంలా కనిపిస్తుంది. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైనే, ఎంబీబీఎస్ సీట్లు లక్షా పదివేల చిల్లర. కానీ ఇక్కడ వడపోత దరఖాస్తుకి ముందే జరిగిపోతుంది. డాక్టరవుదామని డిగ్రీలో చేరినవాళ్లలో చాలామంది ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గరే దారి మార్చుకుంటారు. వాళ్లు ఏ లెక్కలోకీ రారు.

ఈ దేశంలో ఒకప్పుడు మెడికల్ కాలేజీలో చేరడానికి డబ్బు ఉంటే చాలు. చాలా కాలేజీలు డాక్టర్లే సొంతంగా నడుపుకునే దుకాణాలు. ఫీజు కట్టినవాడల్లా విద్యార్థే. 1869లో హార్వర్డ్ అధ్యక్షుడైన చార్ల్స్ ఎలియట్ వైద్య విద్యార్థులకి రాతపరీక్షలు పెడదామన్నాడు. అక్కడి సర్జరీ ప్రొఫెసర్ హెన్రీ బిగెలో ఒప్పుకోలేదు. తన విద్యార్థుల్లో సగం మందికి పైగా సరిగ్గా రాయడమే రాదని ఆయన అభ్యంతరం. హార్వర్డ్ పరిస్థితే అది!

మార్పు బాల్టిమోర్‌లో మొదలైంది, అదీ ఒక స్త్రీ పెట్టిన షరతుతో. జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూలు తెరవడానికి డబ్బు చాలకపోతే, రైల్వే కుటుంబపు వారసురాలు మేరీ గారెట్ ముందుకొచ్చింది. కావాల్సిన 5 లక్షల డాలర్లలో 3 లక్షలకు పైగా ఆమే ఇచ్చింది. ఆడపిల్లల్ని మగపిల్లలతో సమానంగా చేర్చుకోవాలి, చేరేవాళ్లందరికీ ముందే డిగ్రీ ఉండాలి అన్నది ఆమె మాట. 1893లో ఆ షరతులతోనే తలుపులు తెరిచారు. మొదటి తరగతిలోనే ముగ్గురు ఆడపిల్లలున్నారు. మనం ప్రొఫెసర్లుగా రాబట్టి సరిపోయింది, విద్యార్థులుగా అయితే మనకి సీటు దొరికేది కాదు అని విలియం ఆస్లర్ తోటి ప్రొఫెసర్ వెల్చ్‌తో అన్నాడని చెప్పుకుంటారు. డిగ్రీ తర్వాతే మెడిసిన్ అన్న అమెరికా పద్ధతికి మూలం ఇక్కడుంది. విశాఖలోని మన ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో పుట్టింది బ్రిటిష్ పద్ధతిలో. అందుకే మన పిల్లలు పదిహేనేళ్లకే బైపీసీ గ్రూపు ఎంచుకోవాల్సి వస్తోంది.

1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చింది. ఆయన డాక్టరు కాదు, లూయీవిల్‌లో బడి నడిపిన ఉపాధ్యాయుడు. కార్నెగీ ఫౌండేషన్ పంపితే అమెరికా, కెనడాల్లోని 155 వైద్య పాఠశాలలు తిరిగి, ఉన్నదున్నట్టు రాశాడు. శరీర భాగాలు లేని డిసెక్షన్ గదులు, పరికరాలు లేని ప్రయోగశాలలు, రోగులే లేని బోధన. ఆ దెబ్బతో కాలేజీలు వరసగా మూతపడ్డాయి. 1920 నాటికి అమెరికాలో మిగిలినవి 85. ఇది అవసరమైన పనే, నాకు సందేహం లేదు. అదే నివేదిక చేసిన మరో పనిని మాత్రం ఈ దేశం చాలా ఆలస్యంగా ఒప్పుకుంది. అప్పట్లో నల్లజాతివాళ్ల కోసం ఏడు వైద్య కళాశాలలుండేవి. వాషింగ్టన్‌లోని హోవర్డ్, నాష్‌విల్‌లోని మెహారీ తప్ప మిగతావి అక్కర్లేదన్నాడు ఫ్లెక్స్‌నర్. 1923 నాటికి మిగతా అయిదూ పోయాయి. విశాఖలో మన కాలేజీ తలుపులు తెరిచిన ఏడాది అది. ఆ అయిదూ బతికి ఉంటే మరో 35 వేల మంది డాక్టర్లు తయారయ్యేవారని 2020లో ఒక అధ్యయనం అంచనా వేసింది. అదే ఏడాది అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం తన అవార్డుకున్న ఫ్లెక్స్‌నర్ పేరు తీసేసింది.

ఇక పరీక్ష. మా చెల్లెలి కొడుకు అన్న మాటకి అసలు జవాబు ఇక్కడుంది. 1920లలో కాలేజీలు తగ్గాయి, ప్రమాణాలు పెరిగాయి, కానీ చేరిన పిల్లలు మధ్యలో మానేస్తున్నారు. కొన్ని కాలేజీల్లో నూటికి అయిదుగురు, కొన్నిచోట్ల నూటికి యాభై మంది. ఒక్కో విద్యార్థి మీద పెట్టిన ఖర్చు, ఖాళీ అయిన బల్ల, డిసెక్షన్ గదిలో వృథా అయిన చోటు అన్నీ నష్టమే. ఎవరు చివరిదాకా నిలబడతారో ముందే పట్టుకోగలమా అని 1928లో ఫ్రెడ్ మాస్ అనే మనస్తత్వవేత్త, మరికొందరూ ఒక పరీక్ష తయారుచేశారు. 1946కి మానేసేవాళ్లు నూటికి ఏడుగురికి తగ్గారు. తగ్గడానికి పరీక్షతో పాటు వేరే కారణాలూ ఉండొచ్చు. 1948లో దానికి ఎంక్యాట్ అని పేరొచ్చింది. ఆ తర్వాత పలుమార్లు తిరగరాశారు. 2015లో మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం చేర్చారు, రోగి అంటే శరీరం ఒక్కటే కాదు గనక. ఎన్నిసార్లు మార్చినా పుట్టుకలోని ప్రశ్న మాత్రం పోలేదు. స్కోరుకీ, చేరాక వచ్చే మార్కులకీ, సకాలంలో చదువు పూర్తవడానికీ సంబంధం ఎంతో అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం ఇప్పటికీ లెక్కగట్టి అందరికీ కనిపించేలా పెడుతుంది.

ఆ పరీక్ష పుట్టిన కాలంలోనే పరీక్షకి అందని పని ఇంకోటి నడిచింది. న్యూయార్క్ లాంటి నగరాల్లో వలస వచ్చిన యూదుల పిల్లలు మంచి మార్కులతో వస్తున్నారు. వాళ్ల సంఖ్య తగ్గించాలనుకున్న కాలేజీలు మార్కుల్ని పక్కనపెట్టి స్వభావం, వ్యక్తిత్వం, కుటుంబ నేపథ్యం అనడం మొదలుపెట్టాయి. దరఖాస్తులో ఫోటో అడిగారు. తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారు, మతమేమిటి, తల్లి పుట్టింటి పేరేమిటి అని అడిగారు. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చోబెట్టి చూశారు. కొలంబియా, కార్నెల్, యేల్ ఈ పని చేసినవాటిలో ఉన్నాయి. జోనాస్ సాక్ న్యూయార్క్ యూనివర్సిటీలో చేరడానికి ఒక కారణం అక్కడ యూదులపై ఈ కోటా లేకపోవడం. 1955లో పోలియో టీకాని ప్రపంచానికి ఇచ్చింది ఆయనే. ఆ రోజుల్లో ఒక ఇంటర్వ్యూ బల్ల దగ్గర ఎవరికో ఆయన ముఖం నచ్చకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పిల్లవాణ్ని మొత్తంగా చూస్తాం అనే మాట ఈనాడు మనకెంతో ఉదారంగా వినిపిస్తుంది. అది మొదట్లో అలాంటి చేతుల్లో ఉండింది.

అదే వెసులుబాటుని తర్వాతి తరం తలకిందులుగా వాడింది. 1970లలో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ మెడికల్ స్కూలు నూరు సీట్లలో 16 వెనకబడిన మైనారిటీలకి కేటాయించింది. రెండుసార్లు సీటు రాని అలన్ బాకీ అనే తెల్ల ఇంజినీరు కోర్టుకెళ్లాడు. 1978లో సుప్రీంకోర్టు అతనికి సీటిమ్మంది. ఇన్ని సీట్లు అని గిరి గీయకూడదు, జాతిని పలు అంశాల్లో ఒకటిగా మాత్రం చూడొచ్చు అంది. ఆ సన్నని సందులోంచే ఇక్కడి కాలేజీలు నలభై అయిదేళ్లు నడిచాయి. 2023 జూన్‌లో సుప్రీంకోర్టే దాన్నీ మూసేసింది. జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో విద్యార్థి తన వ్యాసంలో రాసుకోవచ్చు, అంతే. ఇప్పుడా 5,300 అక్షరాల మీద ఎంత బరువు పడిందో చూడండి.

బాకీ కేసు చదువుతుంటే నాకు మన మద్రాసు కేసు గుర్తొచ్చింది. మనవాళ్లు ఇరవై ఏడేళ్ల ముందే ఈ తగువు పడ్డారు, అదీ మెడికల్ సీటు గురించే. 1951లో చంపకం దొరైరాజన్ కేసు నాటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్నవి నాలుగు మెడికల్ కాలేజీలు, 330 సీట్లు. ఆ నాలుగింటిలో విశాఖపట్నం, గుంటూరు కాలేజీలు మన తెలుగు నేల మీదివి. ప్రతి పద్నాలుగు సీట్లనీ కులాలవారీగా, మతాలవారీగా పంచే కమ్యూనల్ జీవోని సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడాది రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, వెనకబడిన వర్గాలకి రిజర్వేషన్లు ఇవ్వొచ్చని 15(4) చేర్చారు. అమెరికా దొడ్డిదారిన, మొహమాటపడుతూ చేసిన పనిని మన దేశం రాజ్యాంగంలో బాహాటంగా రాసుకుంది. ఈ ఒక్క విషయంలో మనదే మేలైన పద్ధతని నా నమ్మకం.

ఇంటర్వ్యూలూ మనకి కొత్తవి కావు. తమిళనాడు మెడికల్ సీట్ల ఇంటర్వ్యూలో ఏ అంశానికి ఎన్ని మార్కులో విడివిడిగా వేయకుండా గంపగుత్తగా వేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1970లో పెరియకరుప్పన్ కేసులో చెప్పింది. సిఫార్సు, పలుకుబడి, డబ్బు అనే మూడిటి భయం మన పరీక్షని తయారుచేసింది. 1983లో ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చేసిన చట్టంలోనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. ఎంసెట్ దాని సంతానం. అంతకుముందే 1974 రాష్ట్రపతి ఉత్తర్వు నూటికి 85 సీట్లు స్థానికులకని ఖాయం చేసింది. అందుకే ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, ఎస్వీయూ ఏరియా అని మన ఇళ్లలో ఇన్ని లెక్కలు. 2013లో నీట్ వచ్చింది, అదే ఏడాది కోర్టు కొట్టేసింది, 2016లో మళ్లీ నిలబెట్టింది. ఆ తర్వాత మెడిసిన్‌కి ఎంసెట్ దారి మూసుకుపోయింది.

అంటే ఇక్కడి పరీక్ష ఎవరు చదువు పూర్తిచేయగలరు అన్న ప్రశ్నతో పుట్టింది. మనది, ఉన్న కొద్ది సీట్లనీ ఎవరి చేతివాటమూ లేకుండా ఎలా పంచాలి అన్న ప్రశ్నతో పుట్టింది. మన పరీక్షకి పేరు తెలియదు, ముఖం తెలియదు, నాన్న ఉద్యోగం తెలియదు. సీతమ్మధార పిల్లకీ, పాడేరు కొండల్లోని పిల్లకీ ప్రశ్నపత్రం ఒకటే, 2017 నుంచి తెలుగులోనూ ఉంది. న్యూయార్క్‌లో ఫోటో అడిగి సీటు నిరాకరించిన చరిత్ర చదివాక ఆ ముఖం లేనితనం విలువ నాకు బాగా తెలిసింది. అయినా డబ్బు రెండుచోట్లా తన దారి వెతుక్కుంది. ఇక్కడి మెడికల్ విద్యార్థుల్లో నాలుగింట మూడొంతుల మంది ఆదాయంలో పై నలభై శాతం కుటుంబాలవాళ్లు. జీతం లేకుండా ఆస్పత్రిలో డాక్టరు వెంట తిరిగి నేర్చుకోవడం, వేసవంతా పరిశోధన చేయడం, అద్దె కోసం పనిచేసుకునే పిల్లకి సాధ్యం కాదు. అక్కడ అదే బరువు లాంగ్ టర్మ్ ఫీజుల రూపంలో, హాస్టల్ ఖర్చుల రూపంలో పడుతోంది.

నీట్ ర్యాంకు రానివాడు డాక్టరుగా పనికిరాడు అని మన ఇళ్లలో అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ పరీక్ష ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఇరవైమందికి ఒక సీటున్నప్పుడు, వందలాది మందిని ఒకటి రెండు బిట్ల తేడాతో విడదీసే పని అది. 1965లో ఇక్కడి వలస చట్టం మారాక విశాఖ, గుంటూరు, హైదరాబాద్ కాలేజీల డాక్టర్లు తరతరాలుగా వచ్చి ఈ దేశపు ఆస్పత్రుల్లో చేరారు. ఈనాడు అమెరికా డాక్టర్లలో దాదాపు నాలుగోవంతు మంది బయటి దేశాల్లో చదివినవాళ్లే. వాళ్లలో మన కాలేజీలవాళ్లు, ఇక్కడి వ్యాసాలూ ఇంటర్వ్యూలూ ఏవీ చూడకుండా ఇంటర్ మార్కులతో, ఎంసెట్ ర్యాంకులతో మనం ఎంచుకున్న పిల్లలే. వాళ్ల చేతిలో మా ఊరి జనం ప్రాణాలు పెడుతున్నారు.

కాబట్టి నేను అమెరికా పద్ధతి తెచ్చుకోమని చెప్పను. ఒక్కటి మాత్రం తెచ్చుకోమంటాను. ఏ మార్కుతో చేరినవాడు ఎంబీబీఎస్ ఎన్నేళ్లలో పూర్తిచేశాడు, ఎవరు మధ్యలో ఆగిపోయారు, ఏ కోటాలో వచ్చినవాళ్లు చివరి ఏడాదికి ఎక్కడున్నారు, ఎంతమంది మన్యం ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు అన్న లెక్క తీసి, పేర్లు లేకుండా ప్రజల ముందు పెట్టాలి. ఆంధ్రా మెడికల్ కాలేజీకి నూరేళ్లు దాటాయి, అంతకాలపు రిజిస్టర్ల బలం ఉంది. అక్కడ చదివి ఇక్కడ స్థిరపడిన డాక్టర్లకి నా మనవి ఇది: కాలేజీకి ఎన్నోసార్లు విరాళాలు ఇచ్చారు, ఈసారి ఈ లెక్క తీయించడానికి ఇవ్వండి.