పిల్లలలో పుట్టుకతో వచ్చే హృద్ధమని లోపాల ఎకో నిర్ధారణ

పుట్టుకతో వచ్చే హృద్ధమని లోపాలు అనగా గుండె కండరానికి రక్తం అందించే ధమనులు గర్భస్థ దశలోనే తప్పు చోట మొదలవడం, తప్పు దారిన సాగడం లేదా తెరుచుకోకూడని చోటికి తెరుచుకోవడం. పిల్లలలో వీటిని కనిపెట్టడానికి మొదట చేసేది గుండెకు అతిధ్వని తరంగాలతో చేసే పరీక్ష. జనవాడుకలో దీనిని ఎకో అంటారు. ఈ లోపాలు అరుదైనవే. అయితే వీటిలో ఒకటి గుండె కండర జబ్బు రూపంలో కనిపించి వైద్యులను కూడా భ్రమింపజేస్తుంది. కండర జబ్బుకు చాలా సందర్భాలలో మందులే ఆధారం. ధమని లోపానికి శస్త్రచికిత్స ఉన్నది. కనుక ఈ తేడా తేల్చడం శిశువు ప్రాణానికి సంబంధించిన విషయం.

సహజ నిర్మాణం

గుండె గదులలో ఎల్లప్పుడు రక్తం ఉంటుంది కాబట్టి గుండె ఆ రక్తాన్నే వాడుకుంటుందని చాలామంది విద్యార్థులు అనుకొంటారు. నిజానికి దాని కండరానికి వేరుగా రక్తనాళాలు కావాలి. బృహద్ధమని మొదట్లో, కవాటపు రేకుల పైనున్న ఉబ్బు భాగాల నుండి కుడి, ఎడమ హృద్ధమనులు బయలుదేరుతాయి. గుండెను కిరీటం వలె చుట్టి ఉండుటచే వీటికి కిరీట ధమనులని కూడా పేరు. నవజాత శిశువులో వీటి వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్లు లేదా అంతకన్న తక్కువ. పరీక్షలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది.

పుపుస ధమని నుండి పుట్టే ఎడమ హృద్ధమని

ఈ లోపాన్ని 1933లో బ్లాండ్, వైట్, గార్లండ్ అనే అమెరికా వైద్యులు వివరించారు. సుమారు 3 లక్షల జననాలలో ఒకరికి వస్తుందని అంచనా. ఇందులో ఎడమ హృద్ధమని బృహద్ధమని నుండి కాక పుపుస ధమని నుండి పుడుతుంది. పుట్టిన కొత్తలో పుపుస ధమనిలో పీడనం ఎక్కువగా ఉండటం వలన ఇబ్బంది తెలియదు. కొన్ని వారాలలో ఆ పీడనం తగ్గగానే ఎడమ ధమనిలోకి రక్తం పోదు సరికదా, కుడి ధమని పంపిన రక్తం కూడా దాని గుండా వెనుకకు పారి పుపుస ధమనిలో కలుస్తుంది. ఎడమ జఠరిక ఆకలితో అలమటించి, ఉబ్బి, బలహీనపడుతుంది.

శిశువు పాలు తాగుతూ మధ్యలో ఆగి ఏడుస్తుంది, చెమటలు పోస్తాయి, ముఖం పాలిపోతుంది, ఊపిరి వేగమవుతుంది. కడుపు నొప్పి అనో, న్యుమోనియా అనో భావించడం పరిపాటి. చికిత్స లేకపోతే అధికశాతం శిశువులు మొదటి సంవత్సరంలోనే మరణిస్తారు. ఈసీజీలో ఒకటవ లీడులోను, ఏవీఎల్ లీడులోను లోతైన క్యూ తరంగాలు కనబడితే ఈ లోపాన్ని అనుమానించాలి.

ఎకోలో చూడవలసినవి

రొమ్ము ఎముకకు ఎడమ పక్కన పరికరాన్ని ఉంచి గుండెను అడ్డంగా చూసినపుడు బృహద్ధమని గుండ్రంగా కనిపిస్తుంది. దానిని గడియారం ముఖంగా భావిస్తే ఎడమ హృద్ధమని సుమారు 4 గంటల స్థానంలోను, కుడిది 10, 11 గంటల మధ్యను మొదలవుతాయి. ఈ రెండు మూలాలను కళ్ళారా చూడనిదే పరీక్ష పూర్తయినట్లు కాదు.

చూసినంత మాత్రాన కూడా చాలదు. గుండె పైపొర మడత ఒకటి బృహద్ధమని పక్కనే గొట్టంలా కనిపించి, ధమని సరిగానే పుట్టిందన్న భ్రమ కలిగిస్తుంది. అందుకే రంగుల డాప్లర్ అవసరం. హృద్ధమనులలో ప్రవాహం నెమ్మది గనుక యంత్రంలో వేగపు కొలబద్దను తగ్గించుకోవాలి. గుండె సడలిన సమయంలో రక్తం బృహద్ధమని నుండి ధమనిలోకి పోతుంటే సహజం. ఎడమ ధమనిలో ఎదురు దిశలో పారుతూ పుపుస ధమనిలోకి చిన్న ధారగా పడుతుంటే లోపం దొరికినట్లే. కుడి ధమని లావెక్కడం, ద్విపత్ర కవాటం కారడం, దానిని పట్టి ఉంచే కండరాలు తెల్లగా మెరవడం తోడు సాక్ష్యాలు. ఎకోతో తేలనపుడు సీటీ యాంజియోగ్రఫీ చేస్తారు.

శస్త్రచికిత్సలో ఎడమ ధమనిని తీసి బృహద్ధమనికి అతుకుతారు. చాలామంది పిల్లలలో జఠరిక కొన్ని నెలలలో తిరిగి బలం పుంజుకుంటుంది. ఆ మార్పును గమనించేది కూడా ఎకోతోనే.

ఇతర లోపాలు

ధమని బృహద్ధమని నుండే పుట్టినా, ఎదుటి పక్క నుండి మొదలై బృహద్ధమని, పుపుస ధమనుల మధ్యగా పోవడం మరొక రకం. ఈ పిల్లలు ఆరోగ్యంగా ఉంటారు. గుండెలో చప్పుడు ఉండదు. ఆటలలో స్పృహ తప్పడమే కొందరిలో తొలి సూచన, ఒక్కోసారి ఆకస్మిక మరణం సంభవిస్తుంది. పరుగెత్తుతూ పడిపోయిన పిల్లవానిని ఎండదెబ్బ అని వదిలివేయరాదు. హృద్ధమని గుండె గదిలోకి తెరుచుకొనే నాళవ్రణాలు మరొక రకం. కవాసాకి వ్యాధిలో వచ్చే ధమని ఉబ్బు పుట్టుకతో వచ్చినది కాదు.

హైదరాబాదులో

ఆబిడ్స్ నుండి నాంపల్లి స్టేషను మీదుగా రెడ్ హిల్స్ వైపు వెళితే నిలోఫర్ ఆసుపత్రి వస్తుంది. ఏడవ నిజాం రెండవ కుమారుని భార్య నిలోఫర్, తన పరిచారిక ప్రసవంలో మరణించగా చలించి దీనికి పూనుకొన్నది. ఆసుపత్రి 1953లో ప్రారంభమైంది. స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎడ్లర్, హెర్ట్జ్ అతిధ్వనితో గుండె కదలికలను మొదటిసారి నమోదు చేసినదీ అదే సంవత్సరం. 1997లో డాక్టర్ బి. సోమరాజు ప్రభృతులు స్థాపించిన కేర్ సంస్థకు కూడా నాంపల్లిలో ఆసుపత్రి ఉన్నది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వలన పేద పిల్లలకు గుండె శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చింది. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులను వెదుకుతుంది. అయితే స్టెతస్కోపుకు చప్పుడు వినిపించని హృద్ధమని లోపాలు ఇటువంటి తనిఖీలను సులువుగా తప్పించుకుంటాయి.