పోచారం కట్ట: నీటి పంపకం నుంచి స్వయం నిర్వహణ దాకా

లక్ష్యాలు

ఈ పాఠ్యాంశాన్ని చదివిన తర్వాత మీరు:
• పోచారం జలాశయ నిర్మాణ నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
• నీటి పంపకంలో నీరటి పాత్రను, దాని వెనుక ఉన్న సామాజిక అసమానతను విశ్లేషించగలుగుతారు.
• వ్యక్తిగత నాయకత్వానికి, స్వయం నిర్వహణకు ఉన్న సంబంధాన్ని చారిత్రక ఉదాహరణతో చెప్పగలుగుతారు.

1. పరిచయం

నాయకత్వం అనగానే మనకు రాజులు, సేనానులు, ఉద్యమ నేతలు గుర్తుకు వస్తారు. చరిత్ర పుస్తకాల్లోనూ పెద్ద వాటా వారిదే. అయితే కొద్దిపాటి నీటిని పదిమందికీ అందేలా చూడడం కూడా నాయకత్వమే. ఇతరులకు హద్దు గీసేవారు ముందుగా తమకు తాము హద్దు గీసుకోవాలి. ఈ సూత్రాన్ని కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం జలాశయం ఆధారంగా పరిశీలిద్దాం.

2. నిర్మాణ నేపథ్యం

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహా కోసం పిలిపించింది. వరద నియంత్రణ, తాగునీరు, సాగునీటి పనులపై ప్రభుత్వ శ్రద్ధ ఆ కాలంలో పెరిగింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1916-1922 మధ్య, మంజీర ఉపనది అయిన ఆలేరుపై పోచారం వద్ద ఆనకట్ట కట్టారు. ఈ పని సాగుతుండగానే, 1918లో, నవాబ్ అలీ నవాజ్ జంగ్ రాజ్య చీఫ్ ఇంజనీరు అయ్యారు. మంజీరపై ఆయన ఆధ్వర్యంలో రూపొందిన నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. అంటే పోచారం దానికి అన్నగారి వంటిది.

3. కట్టకు తన కొలత తెలుసు

పోచారం కట్టకు వరద గేట్లు లేవు. నీరు నిండు మట్టానికి చేరగానే మిగులు అలుగు మీదుగా పారిపోతుంది. పట్టినంత పట్టుకోవడం, పట్టనిదానికి దారి ఇవ్వడం ఈ నిర్మాణ పద్ధతి. 2025 ఆగస్టు చివరలో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కుండపోత వానలు కురిసినప్పుడు వందేళ్లు దాటిన ఈ కట్ట ఆ వరదను తట్టుకొని నిలిచింది.

కానీ కొలత ఎప్పటికీ ఒకేలా ఉండదు. మొదట సుమారు 2.42 టీఎంసీలు ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక వల్ల 1.82 టీఎంసీలకు తగ్గింది. దాదాపు నాలుగో వంతు పోయిందన్నమాట. పాత లెక్క పట్టుకొని కొత్త ఏడాదికి నీళ్లు పంచితే కాలువ కొన ఎండుతుంది.

4. వంతుల ఏర్పాటు

ఈ జలాశయం కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో సుమారు 10,500 ఎకరాల ఆయకట్టు ఉంది. యాసంగికి నీరు అందరికీ చాలదు. అందుకే ఆయకట్టును ఏ జోన్, బీ జోన్ అని విభజించి వంతులవారీగా నీరు ఇచ్చే పద్ధతి ఏర్పడింది. ఈ ఏడాది తన వంతు కాని రైతు పక్క జోన్‌కు పారే నీటిని చూస్తూ ఊరుకోవాలి. వచ్చే వంతు తనకు తప్పక వస్తుందన్న నమ్మకం ఉంటేనే అది సాధ్యం. ఆ నమ్మకం ఒక్కసారి తప్పితే తూముల దగ్గర తగాదాలు మొదలవుతాయి. కాలువ మొదట్లో పొలం ఉన్నవారికి నీరు ముందు దొరుకుతుంది కాబట్టి, వారు పాటించే నిగ్రహం మీదే కొన రైతు పంట ఆధారపడుతుంది.

5. నీరటి: బాధ్యత ఉంది, భూమి లేదు

పెద్ద ప్రాజెక్టుల కాలువల మీద ప్రభుత్వం లష్కర్లను నియమించింది. తెలంగాణ గ్రామాల చెరువుల కింద ఆ పనిని తరతరాలుగా నీరటి చేశాడు. తూము తెరవడం, మూయడం, కాలువలో పూడిక, గడ్డి తీయించడం, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూడడం అతని విధులు. ప్రతిఫలంగా పంట కోసిన తర్వాత ప్రతి రైతు కల్లం నుంచి ధాన్యం రూపంలో మేర అందేది. కొన్నిచోట్ల ఇనాం భూమి ఉండేది. ఒక్క రైతు చేతి నుంచి గాక అందరి కల్లాల నుంచి కూలి రావడంతో, ఒకరి వైపు మొగ్గకుండా ఉండటమే అతనికి మేలు.

దీన్ని ఆదర్శంగా మాత్రమే చూస్తే చరిత్రకు అన్యాయం చేసినట్లే. నీరటి పని ఎక్కువగా దళిత కుటుంబాలకు వంశపారంపర్యంగా అంటగట్టినది. ఊరి నీటికి కాపలా ఉన్న మనిషికి సొంత పొలం చాలాసార్లు నామమాత్రమే. నిర్ణయాధికారం పటేళ్లది, భూస్వాములది. అతని నైపుణ్యాన్ని ఊరు వాడుకుంది. నాయకుడిగా మాత్రం గుర్తించలేదు. నాయకత్వాన్ని పదవితోనే కొలిస్తే మన కళ్లకు ఇలాంటివారు కనబడరు.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరిచింది. సంఘం పరిధిని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విభజించడం వల్ల కాలువ కొన రైతుకూ అందులో చోటుకు వీలు కలిగింది. అయితే సంఘంలో చోటు దక్కినంత మాత్రాన పొలానికి నీరు చేరదు. వంతు పాటించే అలవాటు కూడా కావాలి.

6. మీకు వర్తించేది

మీలో చాలామంది ఉద్యోగమో, సేద్యమో, ఇంటి బాధ్యతలో చూసుకుంటూ చదువుతున్నారు. మీ సమయం కూడా పోచారం నీరు లాంటిదే. అన్నింటికీ ఒకేసారి చాలదు. నేను పాఠాలు చెప్పిన కాలంలో విద్యార్థులు వెనకబడటానికి ఎక్కువగా తెలివి తక్కువ కావడం కారణం కాలేదు. ఖాళీ దొరికినప్పుడు చదువుదామనుకోవడమే కారణమైంది. కాలువ మొదట్లో ఉన్న పనులు సమయాన్ని ముందే తాగేస్తాయి. చదువు కొన పొలంలా ఎండుతుంది.

కాబట్టి ఈ మూడు పనులు చేయండి. ఒక వారం పాటు మీ సమయం నిజంగా ఎటు పారుతున్నదో రాసుకోండి. రెండేళ్ల కిందటి మీ ఓపికతో కాక, ఇప్పుడున్న శక్తితో లెక్క వేయండి. తర్వాత చదువుకు వారంలో ఒక వంతు ఖాయం చేసి, ఆ మాట ఇంట్లోవారికి చెప్పండి. చివరగా, మీ వంతు కోసం ఇంట్లో ఎవరి వంతు తగ్గుతున్నదో చూడండి. మీరు చదువుకునే గంటలో ఇంటి పని మొత్తం ఒకరి మీదే పడితే, అది స్వయం నిర్వహణ అనిపించుకోదు. మరొకరిని నీరటిని చేయడమే.

7. సారాంశం

పోచారం అనుభవం మూడు విషయాలు చెబుతుంది: సామర్థ్యాన్ని ఎప్పటికప్పుడు కొలుచుకోవాలి, వంతును పాటించాలి, కొనన ఉన్నవారిని గుర్తుంచుకోవాలి. ఈ మూడూ తనతో మొదలుపెట్టిన వ్యక్తి మాటను నలుగురూ వింటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పోచారం జలాశయ నిల్వ సామర్థ్యం ఎందుకు తగ్గింది? దాని పర్యవసానం ఏమిటి?
2. నీరటి వ్యవస్థలోని న్యాయాన్ని, అన్యాయాన్ని చర్చించండి.
3. మీ ఊరి చెరువు లేదా కాలువ కింద నీటి వంతులు ఎలా నిర్ణయించేవారో పెద్దలను అడిగి ఒక పుటలో రాయండి.