కందిరీగ కాలిలో మేకు

స్కూటరు ముందు చక్రం పంక్చరయితే ఏం చేస్తారు? ఒకప్పుడు మన ఇళ్ళల్లో ఈ ప్రశ్నకి ఒక్కటే జవాబు: "మావారు చూసుకుంటారు." ఇప్పుడు ఆ జవాబు చెల్లదు. ఆఫీసుకీ, కూరల బజారుకీ, పిల్లల ట్యూషనుకీ బండి మీద వెళ్ళేది మనమే కదా! అందుకని ఆ చక్రం కథేమిటో కాస్త చెప్పుకుందాం. ఒక చిన్న మేకు వెనక ఇంత చరిత్ర ఉందా అనిపిస్తుంది.

గాలి టైరు పుట్టకపోతే పంక్చరూ పుట్టదు. ఆ గాలి టైరుని మొదట ఊహించినవాడు రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు మనిషి. 1845లో పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, పైన తోలు తొడిగి, గుర్రబ్బండి చక్రానికి బిగించాడు. బండి మెత్తగా సాగింది గానీ, ఆ రోజుల్లో దానితో ఎవరికీ అంత పని పడలేదు. జనం ఆయన్ని మరిచిపోయారు. ఎంతగా మరిచిపోయారంటే, 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకి గాలి టైరు అమర్చి, అది తన సొంత ఊహే అనుకుని పేటెంటు తీసుకున్నాడు. తర్వాత థామ్సన్ పాత కాగితాలు బయటపడి ఆ పేటెంటు చెల్లకుండా పోయింది. పేరు మాత్రం డన్‌లప్‌కే దక్కింది.

ఈ మధ్యలో ఇంకొకాయన్ని తలుచుకోవాలి. మన వీధి చివర పంక్చరు షాపు మీద "వల్కనైజింగ్" అని బోర్డు ఉంటుంది చూడండి, ఆ విద్య కనిపెట్టిన చార్లెస్ గుడ్‌ఇయర్. వేడికి జిగురుగా కారిపోయి, చలికి పెళుసెక్కే పచ్చి రబ్బరుకి గంధకం కలిపి కాలిస్తే గట్టిపడి సాగుతుందని 1839లో ఆయన గ్రహించాడు. పాపం, 1860లో అప్పులతోనే కన్నుమూశాడు. ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీ 1898లో వచ్చింది. ఆయన కుటుంబానికి దానితో ఏ సంబంధమూ లేదు.

మొదట్లో సైకిలు టైరుని రిమ్ముకి జిగురుతో అంటించేసేవారు. పంక్చరయితే పీకి, అతుకు వేసి, మళ్ళీ అంటించి, జిగురు ఆరేదాకా కాచుకు కూర్చోవాలి. ఫ్రాన్సులో మిషలాఁ అన్నదమ్ములు ఈ బాధ చూసి, విప్పి మళ్ళీ బిగించుకునే టైరు తయారుచేశారు. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్‌కి వెళ్ళి వచ్చే పెద్ద సైకిలు పందెంలో షార్ల్ తెరాఁ ఆ టైర్ల మీదే గెలిచాడు. దాంతో వాళ్ళ పేరు ఊరూరా మోగిపోయింది.

తర్వాత మోటారు కార్లు వచ్చాయి. రోడ్ల నిండా గుర్రపు నాడాల మేకులు! కారులో అదనపు చక్రం పెట్టుకునే అలవాటు అప్పటికింకా లేదు. 1904లో వేల్స్ దేశంలోని లనెల్లీ అనే ఊళ్ళో డేవిస్ సోదరులు ఒక ఉపాయం చేశారు. ఆకులు లేని రిమ్ముకి గాలి నింపిన టైరు తొడిగి, పంక్చరయిన చక్రం పక్కనే దాన్ని బిగించేసి ఇంటికి చేరమన్నారు. వాళ్ళ పనిశాల ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఇప్పుడు అర్థమయిందా, మనం "స్టెప్నీ" అనేది ఎక్కడిదో! ఇంగ్లండులో ఆ మాట దాదాపు మాసిపోయింది. మన దేశంలో మాత్రం పల్లెటూరి మెకానిక్కు నోట కూడా పలుకుతుంది. బ్రెజిల్‌లో ఇప్పటికీ "ఎస్తెపి" అంటారు.

ఇక స్కూటరు సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని పొంతెదేరాలో పియాజ్జియో వారి విమానాల కర్మాగారం బాంబుల దెబ్బకి నేలమట్టమయింది. యుద్ధం అయ్యాక విమానాలు చెయ్యనివ్వరు, జనం దగ్గర డబ్బు లేదు, రోడ్లు గుంటలు. చౌకగా ఒక బండి చెయ్యమని ఎన్రికో పియాజ్జియో తన ఇంజనీరు కొర్రాదీనో దస్కానియోని అడిగాడు. దస్కానియో హెలికాప్టర్ల మనిషి. ఆయనకి మోటారు సైకిలంటే మహా చిరాకు. ఎందుకని? నూనె ఒలికి బట్టలు పాడవుతాయి, కూర్చోడానికి సుఖంగా ఉండదు, పైగా పంక్చరయితే చక్రం ఊడదీయడం పెద్ద యాతన.

అదుగో, అక్కడ పుట్టింది స్కూటరు రూపం! ఇంజనుని మూత కింద దాచేశాడు. గౌను వేసుకున్న ఆడవాళ్ళు కూడా ఎక్కి కూర్చునేలా ముందు భాగం ఖాళీగా వదిలాడు. అది మన చీరకట్టుకీ సరిపోయింది. ముందు చక్రాన్ని రెండు కాళ్ళ మధ్య ఇరికించకుండా, విమానం దిగే చక్రంలాగా ఒక పక్కనుంచే ఒక్క కాలితో పట్టి ఉంచాడు. నట్లు విప్పితే చక్రం పక్కకి ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. ముందూ వెనకా చక్రాలు ఒకే కొలత, ఒక్క స్టెప్నీ రెండిటికీ చాలు. 1946లో బండి బయటికి వచ్చింది. సన్నటి నడుమూ, రొదా చూసి వెస్పా అన్నారు. ఇటలీ భాషలో కందిరీగ అని అర్థం.

మన దేశానికి 1948లో బజాజ్ వారి ద్వారా వెస్పాలు దిగుమతి కాసాగాయి. 1960 ప్రాంతంలో ఇక్కడే తయారీ మొదలయింది. 1971లో ఇటలీ వారితో ఒప్పందం ముగిశాక, 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ వచ్చింది. లాంబ్రెటా జాతి బండిని మన హైదరాబాదు ఆల్విన్ వారు "పుష్పక్" అని అమ్మారు. డబ్బు కట్టి స్కూటరు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాలమది. కట్నం 1961 నుంచి చట్టం ప్రకారం నేరమే అయినా, "అబ్బాయికి స్కూటరు" అనే మాట పెళ్ళి చూపుల్లో మామూలే. పిల్ల తండ్రి కొనిపెట్టేవాడు, అల్లుడు నడిపేవాడు, పిల్ల వెనక పక్కకి తిరిగి కూర్చునేది. పంక్చరయితే ఆవిడకీ ఒక పని పడేది. బండికి స్టాండు వేశాక వెనక సీటు మీద బరువు వెయ్యాలి. స్టాండు ఆధారంగా ముందు చక్రం గాలిలోకి లేచేది. ఆయన స్పానరు పట్టుకుని ఊడదీసేవారు.

ఆ చక్రంలో ఒక కిటుకుంది. రెండు రకాల నట్లుంటాయి. ఒక వరస చక్రాన్ని డ్రమ్ముకి పట్టి ఉంచేది. రెండో వరస, రిమ్ము రెండు చిప్పల్నీ కలిపి ఉంచేది. టైరులో గాలి పూర్తిగా తీసెయ్యకుండా ఈ రెండో వరస విప్పితే చిప్పలు విసురుగా ఎగిరి తగులుతాయి. పాత బండి ఇంట్లో ఉన్నవాళ్ళు ఇది మరిచిపోకూడదు.

విచిత్రం చూడండి. హాండిలు మన చేతికి వచ్చేసరికి స్టెప్నీ మాయమయింది! 2001 నుంచి వచ్చిన యాక్టివాలాంటి గేర్లు లేని బళ్ళకి అదనపు చక్రం లేదు. 2020లో విద్యుత్తు బండిగా తిరిగి వచ్చిన చేతక్‌కీ లేదు. దానికి బదులు ట్యూబు లేని టైర్లు వచ్చాయి. నిజానికి ఇవి మేలే. మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు. కంగారుగా మేకు పీకెయ్యకుండా, నెమ్మదిగా షాపు దాకా వెళ్ళవచ్చు. చక్రం ఊడదీయకుండానే రబ్బరు పట్టీ దూర్చి మూసేస్తారు. ఆ పట్టీలూ, సూదీ, చిన్న గాలి పంపూ సీటు కింద పట్టేస్తాయి. గాలి పూర్తిగా పోయి హాండిలు అటూ ఇటూ లాగితే మాత్రం ముందు బ్రేకు గట్టిగా నొక్కకూడదు. ఏక్సిలేటరు వదిలేసి, హాండిలు తిన్నగా పట్టుకుని, వెనక బ్రేకుతో మెల్లిగా పక్కకి ఆపుకోవాలి.

ఇదంతా ఎందుకంటే, చీకటి వేళ ఆగిపోయిన బండి ఆడదానికి ఉత్త చిరాకు మాత్రమే కాదు. 2019లో హైదరాబాదు శివార్లలో స్కూటరు టైరునే వలగా వాడుకున్న దుర్మార్గం మనం మరిచిపోలేదు. తప్పు టైరుది కాదు, ఆ పిల్లదీ కాదు. అయినా దారిలో ఎవరి సాయానికీ ఎదురు చూడకుండా బండి కదిలించుకోగలిగితే అంత ధైర్యం. నడిపేవాళ్ళే చక్రం మార్చుకోగలగాలనే కదా దస్కానియో ఒంటికాలి స్కూటరు చేసింది! ఆయన ఆ రోజు మగవాళ్ళకని వేరే, ఆడవాళ్ళకని వేరే నట్లు పెట్టలేదు.

ఈ ఆదివారం తీరిక చూసుకుని, మీ పంక్చరు షాపతని దగ్గర పావుగంట నిలబడి ఆ పట్టీ ఎలా దూరుస్తాడో చూసి రండి. అమ్మాయిని కూడా తీసుకువెళ్ళండి.