ఘోటుల్: ఈడొచ్చిన పిల్లలకు ఊరు కట్టిన ఇల్లు

బస్తర్‌లో నారాయణపూర్, కొండగావ్ వైపు మురియా గోండుల ఊళ్లలో ఘోటుల్ ఉండేది. పెళ్లికాని పిల్లలు పొద్దుగూకాక అక్కడికి చేరేవారు. బయటివాళ్లకు మాత్రం దాని గురించి ఒక్కటే కుతూహలం: ఆడా మగా ఒకే కప్పు కింద ఉంటారట కదా! ఆ కుతూహలం అసలు సంగతిని కప్పేసింది. శరీరం ఎదగడానికీ పెళ్లికీ మధ్య కొన్నేళ్లు ఉండాలనీ, ఆ ఏళ్లకు ఊరంతా పూచీ పడాలనీ గుర్తించిన ఏర్పాటు ఘోటుల్. దాని చరిత్రలో నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే.

1947లో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఘోటుల్ మీద అచ్చువేసిన పెద్ద పుస్తకంలో నిత్యకృత్యాల వివరాలే కొల్లలుగా ఉన్నాయి. అబ్బాయి చెలిక్, అమ్మాయి మోతియారి. చేరాక ఒక్కొక్కరికీ ఒక కొత్త బిరుదు, దానితోపాటు ఒక బాధ్యత. నెగడుకు కట్టె తేవడం చెలిక్‌ల వంతు, వాకిలి ఊడ్చడం మోతియారిల వంతు. పని ఎగ్గొడితే జరిమానా. ఆ జరిమానా వేసేది పెద్దలు కాదు, తోటిపిల్లలే. చెలిక్‌లు తీరిక వేళల్లో చెక్క దువ్వెనలు చెక్కేవారు, వాటి మీద నగిషీలు పెట్టేవారు. ఊళ్లో పెళ్లయితే ఈ జట్టే పనికీ ఆటపాటకూ కదిలేది. ఇదంతా లింగో పెన్ అనే దేవుడు నేర్పాడని మురియాల నమ్మకం. కాబట్టి అక్కడ క్రమశిక్షణ కూడా భక్తిలో భాగమే. పెళ్లయినవాళ్లు ఘోటుల్‌కు సెలవు చెప్పాల్సిందే.

ఈ ఏర్పాటు విలువ తెలియాలంటే తూర్పున కొండలు దిగి మన విశాఖపట్నం జిల్లా వైపు చూడాలి. కన్యాశుల్కం తొలికూర్పు ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజా తయారు చేయించిన జాబితా ప్రకారం ఆ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో 1,034 కన్యాశుల్క వివాహాలు జరిగాయి. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్ల వయసు అయిదేళ్లు. అంతకంటే పసివాళ్లూ ఉన్నారు. ఆడపిల్ల పెద్దమనిషి కాకముందే పెళ్లి చేసెయ్యాలన్నది చదువుకున్న సమాజపు ఆచారం. మురియాల్లో బాల్యవివాహం అరుదు. ఘోటుల్‌ను మాన్పిస్తే ఆ దురాచారం అక్కడికీ పాకుతుందని ఎల్విన్ హెచ్చరించాడు. వైద్యం చెప్పేదీ ఈ వ్యవధి అవసరమనే. తొలి రుతుస్రావం ఎదుగుదలలో ఒక మెట్టు మాత్రమే. ఆ తర్వాత కొన్నాళ్లపాటు అండం విడుదల సక్రమంగా ఉండదు, కటి ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. అందుకే చిన్న వయసులో గర్భం తల్లి ప్రాణానికే ముప్పు.

ఎల్విన్ ఘోటుల్‌ను అతిగా ప్రేమించాడన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. 1992లో మానవశాస్త్రవేత్త సిమెరన్ గెల్ దాన్ని పిల్లల స్వతంత్ర రాజ్యంగా కాక పెద్దల సమాజంలో భాగంగా చదివారు. అది నా వాదనను బలపరుస్తుందనే అనుకుంటాను, ఊరి పూచీ అంటే అదే కదా. ఇంకా బరువైన అభ్యంతరం వేరే ఉంది: అక్కడ పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, రక్షణ ఏమిటి? 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరికీ రక్షణ కల్పించింది. సంప్రదాయం పేరుతో దాన్ని సడలించమనడం అన్యాయం. పాత ఘోటుల్‌ను ఉన్నదున్నట్టు తిరిగి నిలబెట్టాలని నేననను. ఊడ్చే పని ఆడపిల్లకే ఎందుకన్న ప్రశ్న కూడా అడగాల్సిందే.

అయితే దాని స్థానంలో మనం ఏం పెట్టాం? 2005 తర్వాత మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం నడిచిన రోజుల్లో దక్షిణ బస్తర్ ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎందరో పిల్లలు ఇళ్లు వదిలి ఆశ్రమ పాఠశాలలకు చేరారు. అక్కడ తిండీ చదువూ అందించాలి, సరే. రుతుస్రావం అంటే ఏమిటో, గొంతు మారడం ఎందుకో, గర్భం ఎలా వస్తుందో, వద్దని చెప్పే హక్కు ఎవరికుందో కూడా వాళ్లకు తెలియాలి. 2007లో ఇలాంటి పాఠాలు చెప్పే కౌమార విద్యా కార్యక్రమం మీద గొడవ రేగినప్పుడు మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక దాన్ని ఆపేశాయి. ఆ పాఠాలు గోండిలో, హల్బీలో, కోయలో, పిల్లలు నమ్మే మనుషుల నోటి నుంచి రావాలి. బస్తర్‌లోనూ సరిహద్దుకు ఇవతల మన ఏజెన్సీలోనూ హాస్టళ్లు నడుపుతున్నవారు ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.